మొండి యాంటీవైరస్‌ను ఫార్మాట్ లేకుండా వదిలించుకోవడం

ప్రశ్న: మా నాన్నగారి ల్యాప్‌టాప్‌లో (విండోస్ 11) షాపువాళ్లు వేసి ఇచ్చిన యాంటీవైరస్ గడువు ముగిసింది. తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోయింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి ఫోల్డర్‌ను డిలీట్ చేయబోతే కొన్ని ఫైళ్లు పోయాయి, మిగతావాటికి ‘యాక్సెస్ డినైడ్’ అంటోంది. ఇప్పుడు యాప్‌ల జాబితాలో దాని పేరు లేదు, కానీ కింద గడియారం పక్కన గుర్తు మాత్రం కనిపిస్తోంది. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండర్, ఆన్ కావడం లేదు, ఇంటర్నెట్ ఉండుండి పోతోంది. పైగా ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యువల్ చేయండి’ అంటూ కుడివైపు మూలన సందేశాలు వస్తూనే ఉన్నాయి. ఫార్మాట్ తప్ప దారి లేదని షాపువాళ్లు అంటున్నారు. నిజమేనా?

సమాధానం:

ఫార్మాట్ అవసరం లేదు. షాపులో ఆ సలహా ఎందుకు ఇస్తారో ఊహించడం కష్టం కాదు. ఫార్మాట్‌కు పెద్దగా బుర్ర పెట్టనక్కర్లేదు, ఎంతసేపు పడుతుందో ముందే తెలుసు, డబ్బు ఖాయం. మీ నాన్నగారి ఫొటోలు, పింఛను కాగితాలు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు ఏమవుతాయన్నది వాళ్ల తలనొప్పి కాదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ల్యాప్‌టాప్‌కు ఏమీ కాలేదు. అన్‌ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయి, ప్రోగ్రామ్‌లో ఒక భాగం లోపలే ఉండిపోయింది, అంతే. దాన్ని పద్ధతిగా బయటికి పంపవచ్చు. అప్పటిదాకా ఒక్క మాట వినండి: ఆ ఫోల్డర్ జోలికి మళ్లీ వెళ్లకండి. యూట్యూబ్‌లో చూపించే ‘టేక్ ఓనర్‌షిప్’ చిట్కాతో అనుమతులు మార్చి మరీ డిలీట్ చేసే ప్రయత్నం అసలే వద్దు.

ఇంత మొండితనం ఎందుకో ముందు చెబుతాను. కారణం తెలిస్తే పనులను ఏ వరసలో చేయాలో దానంతటదే అర్థమవుతుంది. కంప్యూటర్‌లోకి దూరిన వైరస్ చేసే మొదటి పనుల్లో ఒకటి, యాంటీవైరస్‌ను ఆపేసి దాని ఫైళ్లను చెరిపేయడం. అందుకే ప్రతి యాంటీవైరస్ తన ఫైళ్లకు, సర్వీసులకు (తెర వెనక నడిచే ప్రోగ్రాములకు), రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చిట్టా) పద్దులకు సొంతంగా కాపలా పెట్టుకుంటుంది. ఫోల్డర్ మీద డిలీట్ నొక్కింది ఇంటి యజమానా, వైరసా అన్నది దానికి తెలియదు. ఇద్దరికీ ఒకే జవాబు చెబుతుంది. విండోస్ కూడా దానికే వంత పాడుతుంది. విండోస్ 8.1 నుంచి యాంటీవైరస్ సర్వీసులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాసెస్ హోదా దొరుకుతోంది. ఆ హోదా ఉన్న ప్రాసెస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా టాస్క్ మేనేజర్ నుంచి ఆపలేరు. ‘నేనే అడ్మిన్‌ని, నాకే అనుమతి లేదా?’ అని చాలామందికి కోపం వచ్చేది ఇక్కడే.

రెండో సంగతి ఇంతకన్నా ముఖ్యం. యాంటీవైరస్ అంటే మీకు కనిపించే ఆ కిటికీ, ఆ గుర్తు కాదు. అసలు పని చేసేవి కెర్నల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో, కూర్చునే డ్రైవర్లు. మీరు ఏ ఫైలు తెరిచినా ముందు వాటి చేతుల మీదుగా వెళ్లాలి. నెట్‌లో వచ్చీపోయే సమాచారాన్ని వడపోసే డ్రైవర్లు వేరే ఉంటాయి. ఈ స్థాయిలో తేడా వస్తే ఏమవుతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వాల్సి వచ్చింది. అది కార్యాలయాలకు అమ్మే సాఫ్ట్‌వేర్, మీ ఇంట్లోది కాదు. కానీ కూర్చునే చోటు ఒకటే. ఫోల్డర్‌ను చెరిపితే కిటికీ పోతుంది, గుర్తు పోతుంది. డ్రైవర్లు మాత్రం వేరే చోట, విండోస్ సొంత డ్రైవర్ల ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి నిక్షేపంగా మిగులుతాయి. వాటిని నడిపించే సర్వీసు లేదు, వాటిని తీసేసే అన్‌ఇన్‌స్టాలర్ కూడా లేదు. మీ ఇంటర్నెట్ ఉండుండి పోవడానికి కారణం బహుశా ఇదే.

ఇక మీ ప్రశ్నలో రెండు వేర్వేరు రోగాలు కలిసిపోయాయి. మూలన వచ్చే ఆ ‘వైరస్‌లు ఉన్నాయి’ సందేశాలు ఆ యాంటీవైరస్‌వి కాకపోవచ్చు. ఒకటి గమనించండి: ఆ సందేశం కింద చిన్న అక్షరాల్లో క్రోమ్ లేదా ఎడ్జ్ అని, దాని పక్కన మీరు ఎప్పుడూ వినని ఏదో వెబ్‌సైట్ పేరు ఉందా? ఉంటే అది బ్రౌజర్ నోటిఫికేషన్. సినిమా కోసమో, పంచాంగం పీడీఎఫ్ కోసమో మీ నాన్నగారు ఏదో సైటుకు వెళ్లి ఉంటారు. ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అని అది అడిగి ఉంటుంది, ఆయన నొక్కి ఉంటారు. అప్పటి నుంచి ఆ సైటు పేరున్న యాంటీవైరస్ బొమ్మలు పెట్టి బెదిరిస్తూ ఉంటుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉందో లేదో చూసే శక్తి దానికి లేదు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకు వెళ్లి, అనుమతి ఉన్న సైట్ల జాబితాలో తెలియనివన్నీ తీసేయండి. ఎడ్జ్‌లోనూ ఇంచుమించు ఇదే దారి. రెండు నిమిషాల పని. ‘యాంటీవైరస్‌ను తీసేసినా సందేశాలు ఆగడం లేదు’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే. ఆ సందేశాల్లోని లింకు ద్వారా మాత్రం ఎవరూ డబ్బు కట్టకూడదు.

అసలు పని మొదలుపెట్టే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో, బయటి హార్డ్ డిస్క్‌లోకో తీసి పెట్టండి. యాంటీవైరస్ కిటికీ ఇంకా తెరుచుకుంటుంటే క్వారంటైన్ అనే చోట ఒకసారి చూడండి. వైరస్ అని అనుమానించి పక్కన పెట్టిన ఫైళ్లు అక్కడ ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్‌తో పాటు అవీ పోవచ్చు. పాత తెలుగు కీబోర్డు ప్రోగ్రాములు, అకౌంట్ల సాఫ్ట్‌వేర్లకు చెందిన ఫైళ్లు అనవసరంగా అక్కడ చిక్కుకుని ఉండే అవకాశం ఉంది. అలాంటివి మీవే అని గట్టిగా తెలిస్తేనే వెనక్కి తెచ్చుకోండి. లైసెన్సు గడువు ఇంకా మిగిలి ఉన్నవాళ్లయితే ప్రొడక్ట్ కీ రాసి పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బిట్‌లాకర్ రికవరీ కీ. ఈ మధ్య వచ్చిన విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో, ఉంటుంది, ఆ సంగతి యజమానికి తెలియదు. సేఫ్ మోడ్ (అత్యవసరమైనవాటితో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి, కింద వస్తుంది) కోసం స్టార్టప్ పద్ధతిని కదిలించగానే నీలి తెర మీద 48 అంకెల కీ అడగవచ్చు. అది లేకపోతే ఫొటోలు, ఫైళ్లు ఏవీ తిరిగి రావు, అసలుకే మోసం. మీ నాన్నగారి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఫోన్‌లో లాగిన్ అయి, ఖాతా పేజీలో డివైజెస్ కింద ఆ ల్యాప్‌టాప్‌ను ఎంచుకుంటే రికవరీ కీ కనిపిస్తుంది. కాగితం మీద రాసుకున్నాకే ముందుకు వెళ్లండి. ఆ ఖాతా పాస్‌వర్డ్ కూడా గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి. సేఫ్ మోడ్‌లో పిన్, వేలిముద్ర పనిచేయక పాస్‌వర్డే అడిగిన సందర్భాలు ఉన్నాయి.

ఇప్పుడు అసలు వైద్యం. మొదటి మెట్టు వింటే మీకు నవ్వు రావచ్చు: అదే యాంటీవైరస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. సగం చెరిపిన ప్రోగ్రామ్‌ను తీయడం కన్నా పూర్తిగా ఉన్న ప్రోగ్రామ్‌ను తీయడం తేలిక. ఏ డ్రైవర్ ఎక్కడ పెట్టిందో, ఏ సర్వీసు పేరు ఏమిటో దాని అన్‌ఇన్‌స్టాలర్‌కే తెలుసు. మీరు డిలీట్ చేసిన ఫైళ్లలో ఆ అన్‌ఇన్‌స్టాలర్ కూడా పోయి ఉంటుంది. కంపెనీ సైటు నుంచి అదే ప్రోడక్ట్, వీలైతే అదే సంవత్సరపు వెర్షన్, దించుకుని పాతదాని మీదే ఇన్‌స్టాల్ చేయండి. కీ అడిగితే ట్రయల్ ఎంచుకోండి. ఒకసారి రీస్టార్ట్ చేసి, దాని సెట్టింగ్స్‌లో ‘సెల్ఫ్ ప్రొటెక్షన్’ లేదా ‘సెల్ఫ్ డిఫెన్స్’ అనే మాట వెతికి ఆపేయండి. తర్వాత సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ‘లైసెన్సు ఉంచమంటారా, సెట్టింగ్స్ ఉంచమంటారా’ అని అడిగితే ఏదీ ఉంచవద్దని చెప్పండి. అన్‌ఇన్‌స్టాల్ చేయడానికి పాస్‌వర్డ్ అడిగితే, అది షాపువాళ్లు పెట్టినది అయి ఉంటుంది. ముందు వాళ్లకు ఫోన్ చేసి అడగండి. గుర్తు లేదంటే దిగులు లేదు, తర్వాతి మెట్టు అందుకే ఉంది.

ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటి ఉంది. అన్‌ఇన్‌స్టాల్ అయ్యాక కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేసి ‘రీస్టార్ట్ చేశాను కదా’ అనుకుంటారు. అది రీస్టార్ట్ కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్ పూర్తిగా ఆగదు. ఉన్నదున్నట్టు డిస్క్ మీద దాచుకుని, ఆన్ చేయగానే అదే తిరిగి వస్తుంది. వాడుకలో ఉన్న డ్రైవర్ ఫైళ్లను అన్‌ఇన్‌స్టాలర్ అప్పటికప్పుడు చెరపలేదు కాబట్టి, ‘తర్వాత స్టార్ట్ అయినప్పుడు చెరుపు’ అని విండోస్‌కు చీటీ రాసి పెడుతుంది. ఆ చీటీ అమలు కావాలంటే స్టార్ట్ మెనూలోని రీస్టార్ట్ మాటే నొక్కాలి. సగంలో ఆగిన అన్‌ఇన్‌స్టాల్‌లు కొన్ని ఈ ఒక్క రీస్టార్ట్‌తోనే పూర్తవుతాయి.

మళ్లీ ఇన్‌స్టాల్ కాకపోయినా, అయ్యాక అన్‌ఇన్‌స్టాల్ మొరాయించినా కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ వాడాలి. తమ ప్రోగ్రామ్ ఎంత మొండిదో కంపెనీలకూ తెలుసు, అందుకే దాదాపు ప్రతి కంపెనీ విడిగా ఒక చిన్న టూల్ తయారుచేసి ఉచితంగా ఇస్తుంది. మెకాఫీకి ఎంసీపీఆర్, అవాస్ట్‌కు అవాస్ట్ క్లియర్, ఏవీజీకి ఏవీజీ క్లియర్, కాస్పర్‌స్కీకి కేఏవీ రిమూవర్, ఈసెట్‌కు ఈసెట్ అన్‌ఇన్‌స్టాలర్, నార్టన్‌కు రిమూవ్ అండ్ రీఇన్‌స్టాల్ టూల్ ఉన్నాయి. మన దేశపు కంపెనీల యాంటీవైరస్ అయితే వాళ్ల సపోర్ట్ పేజీలో వెతకండి, లేదా సపోర్ట్ నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఒకదాని టూల్‌తో మరొకదాన్ని తీయాలని చూడకండి. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవిరా ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నా, వేటి టూల్ వాటిదే. డబ్బా మీద పేర్లు నాలుగు, గల్లాపెట్టె ఒకటే అన్నది వేరే కథ.

టూల్ కోసం గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనలను నొక్కకండి. ‘అన్ని యాంటీవైరస్‌లనూ తీసేస్తాం’ అనే సైట్లు ఒక దాన్ని తీయడానికి వచ్చి రెండు అంటించి వెళతాయి. ‘సపోర్ట్’ పేరుతో కనిపించే ఫోన్ నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. కంపెనీ పేరును అడ్రస్ బార్‌లో స్వయంగా టైప్ చేసి, వాళ్ల సపోర్ట్ పేజీ నుంచే దించుకోండి.

రిమూవల్ టూల్‌లలో కొన్ని మామూలు విండోస్‌లోనే పనిచేస్తాయి, కొన్నింటికి సేఫ్ మోడ్ కావాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరి అయిన డ్రైవర్లను మాత్రమే ఎక్కిస్తుంది. యాంటీవైరస్ కాపలా సాధారణంగా అక్కడ నిద్రలో ఉంటుంది. అవాస్ట్ టూల్ అయితే ‘సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లమంటారా’ అని తనే అడుగుతుంది. ఈసెట్ టూల్‌ను సేఫ్ మోడ్‌లోనే నడపాలి, పైగా అది నెట్‌వర్క్ సెట్టింగ్స్‌ను చెరిపేసే అవకాశం ఉంది కాబట్టి వైఫై పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లడానికి షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ క్లిక్ చేయండి. నీలి తెర మీద ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ నొక్కుతూ వెళితే అంకెల జాబితా వస్తుంది. అందులో 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో సేఫ్ మోడ్. టూల్‌ను ముందే దించుకుని డెస్క్‌టాప్ మీద ఉంచుకుంటే 4 సరిపోతుంది. ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌లో ‘సేఫ్ బూట్’ టిక్ పెట్టే పద్ధతి కూడా ఉంది కానీ ఇంటి కంప్యూటర్లకు నేను అది చెప్పను. ఆ టిక్ తీసేదాకా కంప్యూటర్ ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే వస్తుంది. పాస్‌వర్డ్ గుర్తులేని పక్షంలో లోపలికి వెళ్లి టిక్ తీయలేరు, బయట కూర్చుని ఏమీ చేయలేరు.

సేఫ్ మోడ్‌లో మామూలు అన్‌ఇన్‌స్టాల్‌నే ప్రయత్నించి ‘విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ అందుబాటులో లేదు’ అనే మాట చూసి కంగారు పడేవాళ్లు ఉన్నారు. ఆ సర్వీసు సేఫ్ మోడ్‌లో మామూలుగా నడవదు, అది తప్పు కాదు. మామూలు అన్‌ఇన్‌స్టాల్ మామూలు విండోస్‌లో చేయాలి. సేఫ్ మోడ్ కంపెనీ టూల్ కోసం. మామూలు విండోస్‌లో కూడా ఇన్‌స్టాలర్ సంబంధమైన దోషమే వస్తుంటే, మైక్రోసాఫ్ట్ సైట్‌లో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ ఉచితంగా దొరుకుతుంది. పాడైన రిజిస్ట్రీ పద్దులను సరిచేసి దారి తెరవడమే దాని పని.

టూల్ పని అయి, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక నిజంగా పోయిందా లేదా అన్నది గుర్తు మాయమవడాన్ని బట్టి తేల్చకండి. స్టార్ట్‌లో సీఎండీ అని టైప్ చేసి, కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి క్లిక్ చేసి, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. నల్లటి కిటికీలో ఎఫ్, ఎల్, టీ, ఎం, సీ అనే అయిదు ఆంగ్ల అక్షరాలు వరసగా, ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఫైళ్ల దారిలో కూర్చున్న ఫిల్టర్ డ్రైవర్లన్నీ జాబితాగా వస్తాయి. ప్రతిదాని ఎదురుగా ‘ఆల్టిట్యూడ్’ అనే అంకె ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఈ అంకెలను రకాల వారీగా కేటాయించింది. 320000 నుంచి 329998 వరకు యాంటీవైరస్‌లది. ఆ మధ్యలో 328010 దగ్గర డబ్ల్యూడీఫిల్టర్ అని కనిపిస్తే సంతోషం, అది విండోస్ డిఫెండర్‌దే. అదే పరిధిలో ఇంకో పేరుంటే పాత యాంటీవైరస్ పూర్తిగా పోలేదన్నమాట. పేర్లను బట్టి ఎవరిదో చెప్పవచ్చు కూడా: అవాస్ట్ డ్రైవర్లు ఏఎస్‌డబ్ల్యూ అక్షరాలతో, మెకాఫీవి ఎంఎఫ్‌ఈతో, కాస్పర్‌స్కీవి కేఎల్‌తో, కే7వి కే7 అనే మొదలవుతాయి. ఈ ఒక్క జాబితా మీ ప్రశ్నకు సగం జవాబు. ఇందులో ఏ పేర్లు ఉన్నాయో చూడకుండా ఫార్మాట్ చేయమనే మెకానిక్‌ను నేనైతే నమ్మను.

మిగిలిన డ్రైవర్ కనిపిస్తే కంపెనీ టూల్‌నే ఇంకోసారి, ఈసారి సేఫ్ మోడ్‌లో నడపండి. అప్పటికీ పోకపోతే మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ సైటులో ఆటోరన్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ పద్దులను దాచమని చెప్పి, డ్రైవర్స్, సర్వీసెస్ ట్యాబ్‌లు చూడండి. పాత యాంటీవైరస్ కంపెనీ పేరున్న వరసల ముందు టిక్ తీసేయండి. డిలీట్ చేయకండి, టిక్ మాత్రమే తీయండి. టిక్ తీసినది తేడా చేస్తే మళ్లీ పెట్టుకోవచ్చు, డిలీట్ చేసింది తిరిగి రాదు. ఒకసారి ఒక్కటే తీసి, రీస్టార్ట్ చేసి చూసుకుంటూ వెళ్లండి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, కొన్ని డ్రైవర్లు డిస్క్ లేదా కీబోర్డు డ్రైవర్‌కు జోడీగా తమ పేరును రిజిస్ట్రీలో రాసుకుంటాయి. ఆ జోడీ పద్దు అలాగే ఉండి డ్రైవర్ ఒక్కటే పోతే, స్టార్ట్ అయ్యేటప్పుడు విండోస్ దాని కోసం వెతికి, దొరక్క, నీలి తెరతో ఆగిపోవచ్చు. లేదా కీబోర్డు మూగబోవచ్చు. రిజిస్ట్రీలో కంపెనీ పేరు వెతికి కనిపించిన ప్రతిదాన్నీ చెరిపే పద్ధతి ప్రమాదకరం అనేది అందుకే. రిజిస్ట్రీ క్లీనర్లు కూడా వద్దు.

ఇక మీ ఇంటర్నెట్ సంగతి. రన్ పెట్టెలో (విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చేది) ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని ఆంగ్లంలో టైప్ చేస్తే నెట్‌వర్క్ అడాప్టర్లు కనిపిస్తాయి. వైఫై మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే టిక్‌లు ఉన్న జాబితా వస్తుంది. అందులో పాత యాంటీవైరస్ పేరుతో ‘ఫిల్టర్’ అని ఉంటే దాన్ని ఎంచుకుని అక్కడే ఉన్న అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. అక్కడ ఏమీ లేకపోయినా నెట్ తంటా ఆగకపోతే సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. వైఫై పాస్‌వర్డులు పోతాయి, వీపీఎన్ ఉంటే మళ్లీ పెట్టుకోవాలి, అంతకుమించి నష్టం లేదు. బ్యాంకు సైటు తెరిస్తే సర్టిఫికెట్ దోషం వస్తుంటే మాత్రం కారణం వేరే ఉండవచ్చు. కొన్ని యాంటీవైరస్‌లు ఎన్‌క్రిప్ట్ అయిన సైట్లను కూడా తనిఖీ చేయడానికి తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ను (సైటు అసలుదేనని హామీ ఇచ్చే పత్రాన్ని) విండోస్‌లో పెడతాయి. అది మిగిలిపోయిందేమో సర్టిఫికెట్ మేనేజర్‌లో, ట్రస్టెడ్ రూట్ జాబితాలో చూసి, స్పష్టంగా ఆ యాంటీవైరస్ పేరు ఉన్నదాన్ని మాత్రమే తీసేయండి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్, వీపీఎన్, డ్రైవర్ అప్‌డేటర్, ‘సేఫ్ బ్రౌజర్’ లాంటి తోకలు యాప్‌ల జాబితాలో విడివిడిగా ఉంటాయి. వాటినీ ఒక్కొక్కటిగా పంపేయండి.

డిఫెండర్ దగ్గరికి వద్దాం. వేరే యాంటీవైరస్ వచ్చి విండోస్ సెక్యూరిటీ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోగానే డిఫెండర్ తనంతట తాను తప్పుకుంటుంది. ఆ పేరు తొలగగానే తిరిగి వస్తుంది. మీది తిరిగి రాకపోవడానికి కారణం, సగం చెరిగిన ఆ ప్రోగ్రామ్ పేరు ఇంకా రిజిస్టర్‌లో ఉండటమే అని నా అంచనా. విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ ప్రొవైడర్స్’ నొక్కితే ఎవరి పేరు ఉందో చూడవచ్చు. పైన చెప్పిన పద్ధతిలో పాతది పూర్తిగా తీస్తే సాధారణంగా డిఫెండర్ ఒక రీస్టార్ట్‌లో లేచి కూర్చుంటుంది. ‘ఈ సెట్టింగ్ మీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది’ అని ఇంటి కంప్యూటర్‌లో కనిపిస్తే మాత్రం ఎవరో కావాలనే ఆపేశారన్నమాట. దొంగ విండోస్ యాక్టివేటర్లు వాడే షాపుల్లో ఇది మామూలే. డిఫెండర్ మినహాయింపుల జాబితాలో కూడా వాటి ఫోల్డర్లు పెట్టేస్తారు. ఎక్స్‌క్లూజన్స్‌లో మీరు పెట్టనిది ఏదైనా ఉంటే తీసేసి, ఆఫ్‌లైన్ స్కాన్ ఒకటి నడపండి.

ఇవన్నీ చేసినా కొలిక్కి రాకపోతేనే విండోస్‌ను తిరగవేయడం, అదీ రెండు రకాలు. మొదటిది ఫైళ్లు, ప్రోగ్రాములు రెండూ ఉంచి విండోస్‌ను మాత్రమే మళ్లీ వేయడం. విండోస్ 11లో కొత్త వెర్షన్ అయితే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలు సరిచేయి’ అనే అర్థంలో ఒక బటన్ ఉంటుంది, అదే ఇది. రెండోది ‘రీసెట్ దిస్ పీసీ’. అందులో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకున్నా మీ పత్రాలు, ఫొటోలే మిగులుతాయి, ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములన్నీ పోతాయి. ఆఫీస్, ట్యాలీ, అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటివి వాడే ఇల్లయితే వాటి సీడీలు, కీలు చేతిలో లేకుండా రీసెట్ జోలికి వెళ్లవద్దు. ల్యాప్‌టాప్ కంపెనీ ముందే వేసి ఇచ్చిన ట్రయల్ యాంటీవైరస్ రీసెట్ తర్వాత మళ్లీ ప్రత్యక్షం కావచ్చు కూడా. ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకుంటే విండోస్ తాజాగా మైక్రోసాఫ్ట్ నుంచి దిగుతుంది.

కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద ఇవేవీ చేయకండి. అక్కడి సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఐటీ విభాగం చేతిలో ఉంటుంది, మీరు దాన్ని కదిపిన సంగతి వాళ్ల తెర మీద కనిపిస్తుంది. అమెరికాలో ఉండి కాస్పర్‌స్కీ వాడిన మనవాళ్లకు మరో మాట. అక్కడి ప్రభుత్వం నిషేధించాక 2024 సెప్టెంబరులో చాలామంది కంప్యూటర్లలో దాని స్థానంలో అల్ట్రాఏవీ అనే ప్రోగ్రామ్ దానంతటదే వచ్చి కూర్చుంది. అది వైరస్ కాదు, కానీ మీరు కోరినదీ కాదు. పైన చెప్పిన వరసలోనే దాన్నీ తీయవచ్చు.

‘మరి కొత్తది ఏది కొనాలి?’ అని మీ నాన్నగారు అడుగుతారు. అప్‌డేట్లు ఆగకుండా వస్తున్న విండోస్ 11 ఇంటి కంప్యూటర్‌కు డిఫెండర్ చాలు. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉందని కొత్త యాంటీవైరస్ కొనే డబ్బుతో పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా ఆ పూటే తెలుస్తుంది. రెండు యాంటీవైరస్‌లు పక్కపక్కన ఉంచితే రక్షణ రెట్టింపు కాదు. రెండూ ఒకదాని ఫైళ్లను ఒకటి పట్టుకుని కంప్యూటర్‌ను నిలబెట్టేస్తాయి.

ఆఖరుగా డబ్బు లెక్క. ప్రోగ్రామ్‌ను తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదు. ఆన్‌లైన్‌లో కార్డుతో కొన్నవాళ్లకు ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉండే అవకాశం ఎక్కువ. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు సందేశం పంపాలి. కానీ రూ.15,000 లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ అడగదు, సందేశం చూడకపోతే డబ్బు పోతుంది. కంపెనీ ఖాతాలో ఆటో రెన్యువల్ ఆపండి. తర్వాత బ్యాంకు యాప్‌లో ఈ-మ్యాండేట్‌ల (దానంతటదే జరిగే కోతకు మీరిచ్చిన అనుమతుల) జాబితా, యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా చూసి అక్కడా రద్దు చేయండి. ‘మీ యాంటీవైరస్ రెన్యువల్‌కు డబ్బు కోత పడింది, వాపసు కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఈమెయిల్ వస్తే ఆ నంబరుకు చేయవద్దని మీ నాన్నగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. అవతలివాళ్లు ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, తెర మొత్తం తమ చేతిలోకి తీసుకుని బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. ఇప్పటికే అలాంటి ఫోన్ జరిగి డబ్బు పోయి ఉంటే ఈ పనులన్నీ పక్కన పెట్టి ముందు ల్యాప్‌టాప్‌కు నెట్ తీసేయండి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, బ్యాంకుకు చెప్పి ఖాతాను నిలిపివేయించండి.